పౌండ్లకు తక్‌పట్టీ

వరంగల్ ఎనుమాముల మార్కెట్లో, రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో ఇరవై ఆరేళ్లుగా గుమాస్తాగా పనిచేస్తున్నాను. నా పని తక్‌పట్టీ రాయడం. రైతు తెచ్చిన సరుకు ఎంత తూగింది, ఏ ధర పలికింది, అందులోంచి హమాలీకి ఎంత, తూకం వేసే దడ్వాయికి ఎంత, అన్నీ పోగా రైతుకు ఎంత. ఆ చిన్న కాగితం మీద అంతా ఉండాలి. నాలుగు సీజన్లు చూసిన రైతు బోర్డు మీద ధర విని సంబరపడడు. కాగితం చేతికిచ్చేదాకా నిలబడి, "ఇగ నాకొచ్చేదెంత?" అని అడుగుతాడు. 2024 డిసెంబరులో మా బిడ్డ ఎమ్మెస్సీ పట్టా తీసుకుంటుంటే చూడడానికి నేనూ మా ఇంటామే లండన్ పోయాం. పౌండ్లు కొన్న రోజు నుంచి మిగిలినవి తిరిగి తెచ్చిన రోజు దాకా నన్ను నడిపించింది ఆ రైతు అడిగే ప్రశ్నే. ఒక్కసారి అడగడం మరిచిపోయాను, అక్కడే బాగా నష్టపోయాను.

వీసా సంగతి ఇక్కడ రాయను, అదొక పెద్ద కథ. వీసా వచ్చి, టికెట్లు చేతికొచ్చాక మొదలైన పైసల సంగతే చెప్తాను.

హన్మకొండలో ఫారిన్ కరెన్సీ అమ్మే ఒక దుకాణానికి ముందు పోయాను. "పౌండు 112 సార్, కమీషన్ ఏమీ లేదు" అన్నాడు కౌంటర్లో కుర్రాడు. ఆ పొద్దున గూగుల్‌లో చూస్తే 107 రూపాయల 50 పైసలు ఉంది. గూగుల్ చూపించే రేటుకు మనకెవరూ అమ్మరు. అది పెద్ద బ్యాంకులు తమలో తాము కొనుక్కునే రేటు. కానీ కొలతకు అదే రాయి. 300 పౌండ్లకు ఆ రాయి ప్రకారం 32,250 అవుతుంది. దుకాణంలో 33,600. కమీషన్ లేదన్న మాట నిజమే, దాన్ని రేటులోనే కలిపేశాడు. 1,350 రూపాయలు. అదే రోజు హైదరాబాద్‌లో ఇంకో చోటికి ఫోన్ చేస్తే 109 రూపాయల 80 పైసలు చెప్పారు. 300 పౌండ్లకు 32,940, జీఎస్టీ 45. మొత్తం 32,985. రాయికీ దీనికీ తేడా 735. వీసా పాస్‌పోర్టులు తెచ్చుకోవడానికి ఎలాగూ హైదరాబాద్ పోయే పని ఉండె కాబట్టి అక్కడే కొన్నాను.

ఆ 45 రూపాయల సంగతి కూడా చెప్పాలి. కరెన్సీ మార్పిడి మీద జీఎస్టీ మొత్తం సొమ్ము మీద వేయరు. లక్ష రూపాయల లోపు అయితే సొమ్ములో ఒక శాతాన్ని సేవ విలువగా లెక్కగట్టి దాని మీద 18 శాతం వేస్తారు. ఆ విలువ కనీసం 250 ఉండాలి. అంటే ఎంత తక్కువ కొన్నా 45 రూపాయలు తప్పవు. నా లెక్కలో ఒక శాతం 329 కాబట్టి పన్ను 59 దాకా రావాలి. బిల్లు మీద 45 ఎందుకుందని నేనే అడిగాను. వాళ్లు చూసి, సరిచేసి, ఇంకో 14 రూపాయలు తీసుకున్నారు. తక్కువ పడ్డప్పుడు కూడా చెప్పడం మా దుకాణంలో నేర్చుకున్న అలవాటు. అలా నా తేడా 749 అయింది.

పాస్‌పోర్టు, వీసా, టికెట్, పాన్ కార్డు చూపించి విదేశీ కరెన్సీ కొనడానికి ఇచ్చే ఏ2 ఫారం నింపాను. 50,000 రూపాయలు దాటితే మనం నగదు ఇవ్వడానికి లేదు, ఖాతా నుంచి పంపాల్సిందే. నోట్ల రూపంలో ఒక్కో ప్రయాణానికి 3,000 డాలర్ల విలువ దాకానే తీసుకోవచ్చు, మిగతాది కార్డులో వేసుకోవాలి. మన రూపాయలు కూడా మనిషికి 25,000 దాకా వెంట పెట్టుకోవచ్చు. మేం తిరిగొచ్చాక శంషాబాద్ నుంచి బండికి, తిండికి అని 4,000 పెట్టుకున్నాం. టీసీఎస్, అంటే విదేశాలకు డబ్బు పంపేటప్పుడే ముందుగా పట్టుకునే పన్ను, ఆ మాట వినగానే నాకు టెన్షన్ పట్టుకుంది గానీ, అది ఒక ఆర్థిక సంవత్సరంలో అప్పటి రూలు ప్రకారం ఏడు లక్షలు దాటి పంపినవాళ్లకే. 2025 ఏప్రిల్ నుంచి ఆ హద్దు పది లక్షలైంది. మాలాంటి వాళ్ల పది రోజుల ప్రయాణానికి అది అంటదు.

ఈ మధ్యలో ఒక సలహా వచ్చింది. మార్కెట్లో తెలిసినాయన, "మావాడు అక్కడ నీకు పౌండ్లు చేతిలో పెడతడు, నువ్వు ఇక్కడ నాకు రూపాయలియ్యి, గూగుల్ రేటే, ఒక్క పైస తరుగు లేదు" అన్నాడు. జగిత్యాల, కరీంనగర్ వైపు గల్ఫ్ ఇళ్లల్లో ఈ మాట ఎప్పటి నుంచో ఉంది. దాని పేరు హవాలా. ఎంత తెలిసినవాళ్లయినా, ఎంత చిన్న మొత్తమైనా అది చట్టానికి విరుద్ధం. మా బిడ్డ ఆ దేశంలో ఉద్యోగం వెతుక్కుంటున్న రోజులవి. వెయ్యి రూపాయలు మిగులుతాయని ఆమె బతుకుదెరువు మీదికి ఒక మరక తెచ్చే పని నేను చేయనని చెప్పేశాను.

నోట్లు 300 పౌండ్లు కాక, ఒక బ్యాంకులో ఫారెక్స్ కార్డు తీసుకుని 600 పౌండ్లు వేయించాను. రేటు 109 రూపాయల 20 పైసలు, అంటే 65,520. జీఎస్టీ 118, కార్డు ఫీజు పన్నుతో 354. రాయి లెక్కన 64,500 కావాలి కాబట్టి నా తరుగు 1,492. ఈ కార్డుతో మంచేమిటంటే, వేసిన రోజు రేటే ఖరారు. అక్కడ పౌండ్లలో ఎన్నిసార్లు గీకినా మళ్లీ మార్పిడి ఉండదు. కవర్లో రెండు కార్డులొచ్చాయి, రెండూ ఒకే ఖాతావి. ఒకటి నా జేబులో, ఒకటి మా ఇంటామె చేతిసంచిలో.

మామూలు డెబిట్ కార్డు కూడా పెట్టుకున్నాను, ఏదైనా అయితే ఆదుకుంటుందని. 2020 నుంచి మన కార్డులు విదేశాల్లో వాటంతట అవి పనిచేయవు. రిజర్వ్ బ్యాంకు పెట్టిన నియమం అది. యాప్‌లోకి పోయి ఇంటర్నేషనల్ అనే దాన్ని ఆన్ చేయాలి. ఏటీఎంకు వేరే, దుకాణాలకు వేరే, ఆన్‌లైన్‌కు వేరే. నేను మొదటి రెండే ఆన్ చేసి, రోజుకు 20,000 అని హద్దు పెట్టాను. ఓటీపీలు రావాలి కాబట్టి సిమ్‌కు రోమింగ్ వేయించాను. ఇవన్నీ హన్మకొండలో కూర్చుని చేసుకుంటే పది నిమిషాలు. అక్కడికి పోయాక గుర్తొస్తే ఓటీపీ రాదు, బ్యాంకు వాళ్లు ఫోనెత్తరు.

బయల్దేరే ముందురోజు మా పక్కింటి సారు వచ్చారు. రిటైరైన లెక్చరర్. 2018లో కొడుకు దగ్గరికి పోయినప్పుడు మిగిలినవంటూ నాలుగు 20 పౌండ్ల నోట్లు తెచ్చారు. "ఊరికే బీరువాలో పడున్నయి, తీస్కపోండి. పైసలు వచ్చినంక ఇద్దురు" అన్నారు. తీసుకున్నాను.

దోహాలో విమానం మారాలి. మూడు గంటల ఆగుడు. మా ఇంటామె టీ తాగుదామంది. ఫారెక్స్ కార్డు గీకాను. పౌండ్ల కార్డును రియాళ్లలో వాడితే బ్యాంకు మళ్లీ మూడున్నర శాతం వేస్తుందని ఆ మెసేజ్ చూశాకే అర్థమైంది. సొమ్ము చిన్నదే, కానీ కార్డులో ఏ దేశం డబ్బుందో ఆ దేశంలోనే గీకాలన్నది అక్కడ నేర్చుకున్నాను. తిరిగొచ్చేటప్పుడు బిడ్డ ఇంటి నుంచే ఖాళీ సీసా, మురుకులు సర్దుకున్నాం. సీసా సెక్యూరిటీ దాటాక నింపుకున్నాం.

లండన్‌లో నాకు ముందు వింతగా తోచింది నోట్లకు పని లేకపోవడం. కుమార్‌పల్లి మార్కెట్లో కొత్తిమీర కట్టకు కూడా ఫోన్‌తో స్కాన్ చేసే మనకు అది వింత కాదనుకుంటాం. కానీ అక్కడ మన యూపీఐ నడవలేదు. మన జేబులో నోట్లున్నా బస్సు ఎక్కలేం. 2014 జులై నుంచి లండన్ బస్సుల్లో నగదు తీసుకోవడం లేదు. కార్డును పసుపు పలక మీద ఆనించాలి, అంతే. అప్పట్లో బస్సుకు ఒకటిముప్పావు పౌండ్లు. గంటలోపు ఇంకో బస్సు ఎక్కితే దానికి వేయరు. మధ్య లండన్‌లో రోజంతా రైళ్లూ బస్సులూ తిరిగినా ఎనిమిదిన్నర పౌండ్ల దగ్గర ఆగిపోయేది అప్పట్లో. రోజు మొత్తాన్ని కలిపి రాత్రి ఒకేసారి కోస్తారు. అందుకే ఆనించిన వెంటనే మెసేజ్ రాలేదని కంగారు పడక్కర్లేదు.

అయితే రైళ్లకు ఎక్కేటప్పుడు ఆనించిన కార్డే దిగేటప్పుడూ ఆనించాలి. ఒకరోజు నేనొక్కడినే నా కార్డు ఆనించి రైలెక్కాను, మా ఇంటామె కార్డు కూడా నా జేబులోనే ఉంది. దిగేచోట రద్దీలో నా కార్డుకు బదులు ఆమె కార్డు ఆనించాను. ఒకే ఖాతా కదా, ఏం కాదనుకున్నాను. ఖాతా ఒకటే అయినా కార్డు నంబర్లు వేరు. యంత్రం లెక్కలో నేను ఎక్కి దిగలేదు, ఆమె ఎక్కడా ఎక్కకుండానే దిగింది... అట్లా రెండు కార్డుల మీదా సగం ప్రయాణాలే పడ్డాయి. వాటికి గరిష్ఠ ఛార్జీ వేశారు. బిడ్డ ఆన్‌లైన్‌లో రాస్తే వారం లోపల తిరిగొచ్చింది. ఆ రోజు నుంచి ఆమె కార్డుకు ఎర్రదారం కట్టుకుంది.

ఇప్పుడు నేను ప్రశ్న అడగడం మరిచిపోయిన చోటు. బిడ్డ ఉండే ఇంటి ఓనరు, మేం ఉన్న పది రోజులకు అదనంగా వంద పౌండ్లు నగదే కావాలన్నాడు. చేతిలో నోట్లున్నాయి. అయినా డెబిట్ కార్డు పనిచేస్తుందో లేదో ఒకసారి చూసుకుందామని ఇంటి దగ్గరి ఏటీఎంకు ఒక్కడినే పోయాను. కార్డు పెట్టాను, పిన్ కొట్టాను, వంద అని నొక్కాను. తెర మీద పెద్ద అక్షరాలతో మన రూపాయల లెక్క వచ్చింది. 11,720 రూపాయలు. పౌండు 117 రూపాయల 20 పైసలు, ఈ రేటు గ్యారంటీ అని రాసుంది. కింద కుడివైపు పచ్చరంగులో ఒప్పుకుంటున్నాను అనే గుండీ. ఎడమవైపు బూడిదరంగులో, కన్వర్షన్ లేకుండా కొనసాగు అని చిన్నగా. పరాయి దేశంలో, చలిలో, వెనక ఇద్దరు నిలబడి ఉండగా మన రూపాయి కనిపిస్తే మనిషికి ధైర్యం వస్తుంది. పైగా రెండోది నొక్కితే లావాదేవీయే ఆగిపోతుందేమో అనిపించేలా ఉంది. పచ్చది నొక్కాను.

ఇంటికొచ్చి బిడ్డకు చెప్తే తల పట్టుకుంది. "బాపూ, వాడు రూపాయల్లో అడిగితే వద్దనాలె. పౌండ్లే అని నొక్కాలె" అంది. దాన్ని డైనమిక్ కరెన్సీ కన్వర్షన్ అంటారట. పౌండ్లలోనే కానీ అంటే మార్పిడి మన బ్యాంకు, కార్డు కంపెనీ రేటుకు జరుగుతుంది. రూపాయల్లో అంటే ఆ ఏటీఎం వాడు పెట్టుకున్న రేటుకు జరుగుతుంది. ఆ రేటు ఎంత పెట్టుకోవాలన్నది వాడిష్టం.

లెక్క పూర్తిగా చెప్తాను. నేను పౌండ్లే అని నొక్కి ఉంటే 10,760 రూపాయలు, దాని మీద మా బ్యాంకు మూడున్నర శాతం 377, ఆ 377 మీద జీఎస్టీ 68. మొత్తం 11,205. రూపాయలు నొక్కినందుకు 11,720. మార్పిడి ఎలాగూ వాడే చేశాడు కదా, మన బ్యాంకు ఏమీ వేయదనుకున్నాను. స్టేట్‌మెంట్ చూస్తే విదేశీ యంత్రంలో రూపాయల లావాదేవీ అని ఒక శాతం, దాని మీద పన్ను, కలిపి 138 వేశారు. విదేశీ ఏటీఎం వాడినందుకు 177 ఎట్లాగైనా తప్పేది కాదు. అన్నీ కలిపి వంద పౌండ్లకు 12,035. రాయి లెక్కన 10,750 అయ్యే దానికి. తరుగు 1,285. ఆరువందల పౌండ్ల కార్డు మొత్తానికి నాకు పడ్డ తరుగు 1,492 అని పైన రాశాను. ఈ ఒక్క ఏటీఎం దగ్గర వంద పౌండ్లకే దాదాపు అంత పోయింది, అందులో సగం ఆ గుండీ నొక్కినందుకే. ఒక రైతు తక్‌పట్టీలో నూటికి పన్నెండు ఇలా కోత పడితే మా యార్డులో కాంటాలు ఆగిపోయేవి.

ఆ రోజు తర్వాత దుకాణాల్లో కూడా చూసుకోవడం మొదలుపెట్టాను. కార్డు మిషన్ మీద కూడా ఇదే అడుగుతుంది. కొన్నిచోట్ల దుకాణం వాళ్లే మన తరఫున నొక్కేయబోతారు. మా ఇంటామెకు ఇంగ్లీషు అంతగా రాదు, కానీ మిషన్ ముందుకు రాగానే "పౌండ్స్, ఓన్లీ పౌండ్స్" అనడం నేర్చుకుంది. ఒకసారి బిల్లు మీద రూపాయల లెక్క కనబడితే రద్దు చేయించి మళ్లీ కొట్టించింది. ఇంకో మాట. బ్యాంకు గోడకున్న ఏటీఎంలలో ఎక్కువగా వాళ్ల ఫీజు ఉండదు. చిన్న దుకాణాల లోపల ఉండే మిషన్లలో కొన్ని ఒకటి, రెండు పౌండ్లు వేస్తాయి. ముందే తెర మీద చెప్తాయి, చదువుకుంటే చాలు.

సారు ఇచ్చిన నోట్ల సంగతికి వస్తాను. ఒక కూరగాయల దుకాణంలో ఇస్తే ఆ అమ్మాయి తీసుకోలేదు. ఇంటికెళ్లాక బిడ్డ బల్ల మీద రెండు నోట్లు పక్కపక్కన పెట్టి చూపించింది. సారుది మెత్తని కాగితం, ఆడం స్మిత్ బొమ్మ. నేను హైదరాబాద్‌లో కొన్నది ప్లాస్టిక్‌లా జారుతోంది, వెలుగుకు పెడితే ఒక మూల అద్దంలా ఆరపార కనిపిస్తోంది, వెనక టర్నర్ అనే చిత్రకారుడి బొమ్మ. కాగితం 20, 50 పౌండ్ల నోట్లు 2022 సెప్టెంబరు 30తో చెలామణి నుంచి పోయాయట. నా గుండె జారింది. 2016 నవంబరులో మా దుకాణంలో పాత 500, 1000 నోట్ల కట్టలతో రైతులు కూర్చున్న రాత్రులు గుర్తొచ్చాయి.

కానీ అక్కడ పద్ధతి వేరు. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండ్ తాను ఎప్పుడు వేసిన నోటుకైనా ఎప్పటికైనా విలువ కట్టి ఇస్తుంది. గడువు లేదు. థ్రెడ్‌నీడిల్ వీధిలో వాళ్ల కౌంటర్ ఉంది. పాస్‌పోర్టులు దగ్గర పెట్టుకుని పోయి లైన్లో నిలబడ్డాం. ముందు నిలబడ్డ ముసలాయన చేతిలో కవరు నిండా రంగురంగుల పాత నోట్లు, ఎవరివో ఇల్లు ఖాళీ చేస్తే దొరికాయట. మా నాలుగు నోట్లకు 80 పౌండ్ల కొత్త నోట్లు చేతికొచ్చాయి. ఒక్క పెన్నీ కోయలేదు. నేను ఆ దేశంలో తరుగు లేకుండా అందుకున్న సొమ్ము అదొక్కటే. అంత దూరం పోలేనివాళ్లకు కొన్ని పోస్టాఫీసుల్లో కూడా 300 పౌండ్ల దాకా మార్చిస్తారు. మీ బీరువాల్లో పాతవి ఉంటే పారేయకండి. రాణి బొమ్మ ఉన్న ప్లాస్టిక్ నోట్లయితే ఇబ్బందే లేదు. 2024 జూన్ నుంచి రాజు చార్లెస్ బొమ్మవి వస్తున్నాయి గానీ రెండూ చెల్లుతాయి.

పట్టా ఇచ్చే ఊరు లండన్‌కు రైల్లో గంటన్నర దూరం. రెండు రాత్రులు హోటల్లో ఉన్నాం. గదికి బిడ్డ ముందే కట్టింది. అయినా డిపాజిట్ అని 50 పౌండ్లు అడిగితే నా ఫారెక్స్ కార్డు ఇచ్చాను. వాళ్లు తీసుకోలేదు, ఆపి పెట్టారు. గది ఖాళీ చేసిన రోజే వదిలేశామన్నారు. నా కార్డులోకి ఆ సొమ్ము తిరిగి వచ్చింది పన్నెండో రోజు, అప్పటికి నేను ఎనుమాములలో పత్తి తూకాలు రాస్తున్నాను. ముందే డబ్బు వేసిన కార్డును ఇలాంటి చోట ఇవ్వకూడదు. బిడ్డకు అక్కడి బ్యాంకు కార్డు ఉంది, అది ఇవ్వాల్సింది. సభలో పేరు పిలిచినప్పుడు ఆమె నల్లగౌనులో మెట్లెక్కుతుంటే మా ఇంటామె నా చెయ్యి పట్టుకున్న పట్టుకు, ఆ 50 పౌండ్లు ఎక్కడున్నాయో నాకు గుర్తులేదు.

తిరిగొచ్చాక కార్డులో 48 పౌండ్లు ఉన్నాయి, హోటలు వదిలిన వాటితో కలిపి 98. అమ్మేటప్పుడు రేటు కిందికి పోతుంది. మాకు 104 చెప్పారు. వెంటనే అమ్మలేదు. నోట్లు 65 పౌండ్లు మిగిలాయి. వచ్చిన 180 రోజుల్లోపు మార్చుకోవాలి గానీ 2,000 డాలర్ల విలువ దాకా ఇంట్లో ఉంచుకోవచ్చు. నాణేలకు హద్దు లేదు, వాటిని ఇక్కడ కొనేవాళ్లు కూడా లేరు. విమానాశ్రయంలోనే నాణేలన్నీ బిడ్డకిచ్చి రావాల్సింది, గుప్పెడు నా జేబులోనే ఉండిపోయాయి.

సారుకు ఇవ్వాల్సినవి తీసుకుని, తిరిగొచ్చిన మరునాడు పొద్దున్నే వాళ్లింటికి పోయాను. 80 పౌండ్లు, గూగుల్ రేటు 107 చొప్పున 8,560. కాగితం మీద లెక్క రాసి కవర్లో పెట్టాను. సారు కాగితం చదివి, "నేను కొన్నప్పుడు 90 ఉండె. నాకు 7,200 ఇస్తే చాలు" అన్నారు. అది ఆ రోజు ధర, ఈ రోజు ధర ఇది అన్నాను. "చెల్లని నోట్లిచ్చిన, మిమ్మల్ని లైన్ల నిలబెట్టిన, దాని కూలి ఎవరియ్యాలె?" అని ఆయన. గేటు దగ్గర పావుగంట అయింది. చివరికి వాళ్ల ఇంటామె బయటికొచ్చి, కవరు తీసుకుని, 8,000 లెక్కపెట్టుకుని మిగతావి నా చేతిలో పెట్టి, "ఇద్దరూ లోపలికి రండి, చాయ్ చల్లారుతుంది" అంది.